‘రాసిపెట్టుకో మామా’ అన్నారు సరే.. రాశారా?

రాత్రి పన్నెండున్నర. హన్మకొండలో ఓ హాస్టల్ గది. ఒకటే ల్యాప్‌టాప్, దాని ముందు ఆరుగురు. పొద్దున్నే ఆప్టిట్యూడ్ క్లాస్ ఉందని అందరికీ తెలుసు. అయినా ఎవరూ లేవరు. బార్సిలోనా మ్యాచ్ డెబ్బయ్యో నిమిషం దాటాక అకాడమీ నుంచి వచ్చిన కొత్త కుర్రాడు మైదానంలోకి దిగుతాడు. వాడు రెండుసార్లు బంతి ముట్టుకున్నాడో లేదో గదిలో తీర్పు వచ్చేస్తుంది. ‘వీడు మామూలోడు కాదు మామా. రాసిపెట్టుకో, రెండేండ్లల్ల యాడుంటడో చూడు!’

అలాంటి గదిలో మీరూ కూర్చునే ఉంటారు. బహుశా ఆ మాట అన్నది మీరే కావచ్చు. ఇంతకీ రాసిపెట్టుకున్నారా?

లేదు కదా. ఎవరూ రాయరు. 2023 ఏప్రిల్‌లో లమీన్ యమాల్ పదిహేనేళ్ల వయసులో బార్సిలోనా సీనియర్ జట్టుకు తొలి మ్యాచ్ ఆడాడు. ఇప్పుడు అడిగితే ‘నేనప్పుడే చెప్పిన’ అనేవాళ్లు హాస్టల్‌కు పదిమంది దొరుకుతారు. అదే నోటితో ఆకాశానికెత్తిన, తర్వాత ఎక్కడా కనిపించని కుర్రాళ్ల పేర్లు అడగండి. ఒక్కరికీ గుర్తుండవు. మన జ్ఞాపకం మనకు అనుకూలంగానే పనిచేస్తుంది.

నోటితో చెప్పిన జోస్యానికీ తేదీ వేసి కాగితం మీద పెట్టిన అంచనాకీ చాలా దూరం. ఆ దూరం దాటినవాళ్లకు ఇప్పుడు ప్రపంచంలో అక్కడక్కడా జీతమిచ్చే పని దొరుకుతోంది. వేలల్లో ఉద్యోగాలున్నాయని ఆశపెట్టడం లేదు. ఉన్నవి కొన్నే. కానీ ఆ అలవాటు చేసే మేలు ఆ కొన్ని ఉద్యోగాలతో ఆగిపోదు.

ఏం చూసి చెప్పారు?

ఒక కుర్రాడిలో ‘టాలెంట్ ఉంది’ అన్నప్పుడు నిజానికి మీరు దేన్ని చూశారు? చాలావరకు గోల్‌ను. లేకపోతే ఇద్దరిని తప్పించుకుంటూ దూసుకెళ్లిన ఒక్క పరుగును. తొంభై నిమిషాల ఆటలో మంచి ఆటగాడి కాళ్ల దగ్గర బంతి ఉండేది కొన్ని నిమిషాలే. మిగతా సమయమంతా వాడేం చేస్తున్నాడు? బంతి తన దగ్గరికి రాకముందే తల తిప్పి చుట్టూ చూసుకుంటున్నాడా? పాస్ ఇచ్చాక నిలబడిపోతున్నాడా, కొత్త చోటికి కదులుతున్నాడా? బంతి పోగొట్టుకున్న మరుక్షణం వాడి ఒళ్లు ఏం చెబుతోంది? స్కౌట్‌గా పనిచేసేవాళ్లు కళ్లు పెట్టేది ఇక్కడ. మనకు టీవీలో కెమెరా బంతి వెనకే తిరుగుతుంది కాబట్టి ఇవేవీ కనిపించవు. అందుకే గ్రౌండ్‌కు వెళ్లి చూసినవాడికీ, రీల్స్ చూసి మాట్లాడేవాడికీ తేడా ఇట్టే తెలిసిపోతుంది.

రెండో పొరపాటు ఇంకా పెద్దది. ఒడ్డూ పొడుగూ చూసి మోసపోవడం. వయసు ప్రకారం జట్లు కట్టేటప్పుడు సాధారణంగా జనవరి 1ని గీతగా పెట్టుకుంటారు. అంటే ఒకే ఏడాది జనవరిలో పుట్టినవాడూ డిసెంబర్‌లో పుట్టినవాడూ ఒకే అండర్-13 జట్టులో పోటీపడతారు. ఆ వయసులో పదకొండు నెలల తేడా చిన్నదా? జనవరి పిల్లాడు నాలుగు అంగుళాలు ఎక్కువ పొడుగుండి, బలంగా తన్ని, ‘ప్రామిసింగ్’ అనిపించుకుంటాడు. మంచి కోచ్, మంచి గ్రౌండ్ వాడికే దక్కుతాయి. డిసెంబర్ పిల్లాడు బెంచీ మీద కూర్చుంటాడు. చాలా దేశాల అకాడమీల్లో ఏడాది మొదటి నెలల్లో పుట్టినవాళ్లే ఎక్కువగా కనిపిస్తారని పరిశోధకులు ఎప్పుడో తేల్చారు. దీన్ని సరిదిద్దడానికి కొన్ని యూరప్ క్లబ్బులు పుట్టిన తేదీ బదులు శరీర ఎదుగుదలను బట్టి పిల్లల్ని కలిపి ఆడించి చూస్తున్నాయి.

జేమీ వార్డీ కథ మీకు తెలిసే ఉంటుంది. పొట్టిగా ఉన్నాడని షెఫీల్డ్ వెడ్‌నస్‌డే క్లబ్ పదహారేళ్లప్పుడు పంపించేసింది. ఫ్యాక్టరీలో పనిచేసుకుంటూ చిన్నాచితకా జట్లకు ఆడాడు. 2016లో లెస్టర్ సిటీ ఇంగ్లిష్ ప్రీమియర్ లీగ్ గెలిచినప్పుడు ఆ జట్టు ప్రధాన స్ట్రైకర్ అతనే. హ్యారీ కేన్‌ను ఆర్సెనల్ ఎనిమిదేళ్ల వయసులో వద్దనుకుంది. ఆ పిల్లల్ని చూసినవాళ్లు ఫుట్‌బాల్ తెలియనివాళ్లు కారు. వాళ్లు ఆ రోజు కనిపించినదాన్ని చూశారు, అంతే.

దీనికి రెండో వైపూ ఉంది. అదే నన్ను ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. 2007లో బోయాన్ క్రికిచ్ పదిహేడేళ్లకే బార్సిలోనాకు లీగ్ మ్యాచ్ ఆడి మెస్సీ పేరిట ఉన్న వయసు రికార్డును దాటాడు. అభిమానులూ పత్రికలూ కలిసి ‘కొత్త మెస్సీ’ అని పేరు పెట్టేశాయి. ఆ బరువు మోయలేక తీవ్రమైన ఆందోళనతో బాధపడ్డానని, 2008 యూరో కప్‌కు దూరమవడానికి కారణం అదేనని చాలా ఏళ్ల తర్వాత అతనే బయటపెట్టాడు. మన గదిలో సరదాగా అనుకునే మాట కొన్ని లక్షల గదుల్లో ఒకేసారి వినిపిస్తే అవతల ఉన్నది పదిహేడేళ్ల పిల్లాడు. ఇంటర్ సెకండియర్ వయసు.

రోజుకో రూపాయి

మనవైపు ఈ కన్ను లేదనుకోకండి. దేశంలోనే గొప్ప కన్ను హైదరాబాద్‌లో ఉండేది. సయ్యద్ అబ్దుల్ రహీం. వృత్తిరీత్యా బడి పంతులు. ఆయన తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. ఆయన కోచ్‌గా ఉండగా భారత్ 1951, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణం, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం సాధించింది. ‘మైదాన్’ సినిమాలో అజయ్ దేవగణ్ పోషించింది ఈయన పాత్రనే.

సికింద్రాబాద్ పక్కన అమ్ముగూడ నుంచి వచ్చిన పేదింటి కుర్రాడు తులసీదాస్ బలరాం రహీం కంట్లో పడ్డాడు. రోజూ హైదరాబాద్ దాకా వచ్చి ప్రాక్టీస్ చేయడానికి ఆ కుర్రాడి దగ్గర డబ్బుల్లేవు. అద్దె సైకిల్ కోసం రహీం రోజుకో రూపాయి ఇచ్చేవారని చెబుతారు. ఆ సైకిల్ కుర్రాడు 1956, 1960 ఒలింపిక్స్ ఆడాడు. రోమ్‌లో హంగరీ మీద, పెరూ మీద గోల్స్ కొట్టాడు. 1962 జకార్తా స్వర్ణ జట్టులోనూ ఉన్నాడు.

ఈ కథలో నాకు నచ్చేది ఆ రూపాయి. ‘వీడు పైకొస్తాడు’ అని అనడం వేరు. పైకి రావడానికి వాడికి అడ్డుపడుతున్నదేంటో చూడటం వేరు. మన వరంగల్ జిల్లా కల్లెడ అమ్మాయి జీవాంజి దీప్తిని బడిలో పీఈటీ సార్ గమనించకపోయి ఉంటే, తర్వాత కోచ్ నాగపురి రమేష్ చేతికి రాకపోయి ఉంటే 2024లో కోబె ప్రపంచ పారా అథ్లెటిక్స్‌లో 400 మీటర్లలో 55.07 సెకన్ల ప్రపంచ రికార్డు, అదే ఏడాది పారిస్ పారాలింపిక్స్ కాంస్యం ఉండేవా? నిజామాబాద్ జిల్లా తండా నుంచి వచ్చిన గుగులోత్ సౌమ్య మొదట పరుగుల పోటీల్లోనే ఉండేది. ఆ కాళ్లలో ఫుట్‌బాలర్‌ను ఎవరో ఒకరు చూశారు. ఆమె క్రొయేషియాలోని డినమో జాగ్రెబ్ దాకా వెళ్లింది.

హైదరాబాద్ ఎఫ్‌సీ నేర్పిన పాఠం

ఇక మన కళ్లముందే జరిగింది చూద్దాం. 2022 మార్చి 20న గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో ఓడించి హైదరాబాద్ ఎఫ్‌సీ ఐఎస్ఎల్ ట్రోఫీ ఎత్తింది. కోచ్ మనోలో మార్కెజ్ చిన్న వయసు భారత ఆటగాళ్లను నమ్మి ఆడించేవాడు. ఇండియన్ ఆరోస్ నుంచి వచ్చిన లెఫ్ట్ బ్యాక్ ఆకాశ్ మిశ్రా టీనేజ్‌లోనే జట్టులో పాతుకుపోయాడు. అంతకుముందే లిస్టన్ కొలాసోను పెద్ద మొత్తానికి కోల్‌కతా క్లబ్ తీసుకుపోయింది. వరంగల్ నుంచి గచ్చిబౌలి దాకా నూటయాభై కిలోమీటర్లు బస్సులో వెళ్లి మ్యాచ్ చూసొచ్చిన బ్యాచ్‌లు అప్పట్లో ఉండేవి. ‘మన రిజర్వ్ టీమ్‌ల ఇంకా ఇట్లాంటోళ్లు మస్తు ఉన్నరు, వాళ్లకు చాన్స్ ఇయ్యాలె’ అనేది ఆ బస్సుల్లో మామూలు మాట.

చాన్స్ వచ్చింది. కానీ ఎవరూ కోరుకోని తీరులో. 2023-24 సీజన్లో క్లబ్ ఆర్థిక ఇబ్బందుల్లో పడింది. విదేశీ ఆటగాళ్లూ సీనియర్లూ చాలామంది వెళ్లిపోయారు. సీజన్ రెండో సగంలో దాదాపుగా కుర్రాళ్లతోనే జట్టు బరిలోకి దిగింది. ఫలితం తెలిసిందే. 22 మ్యాచ్‌ల్లో ఒకే ఒక్క విజయం, 8 పాయింట్లు, పట్టికలో చిట్టచివరి స్థానం.

ఆ పాయింట్ల పట్టిక చూసి ‘ఆ పిల్లల్లో దమ్ము లేదు’ అనేయడం చాలా తేలిక. చాలామంది అన్నారు కూడా. కానీ ఆలోచించండి. పక్కన దారి చూపే అనుభవజ్ఞులు దాదాపుగా లేరు. క్లబ్ రేపు ఉంటుందో లేదో తెలియదు. ప్రతి వారం తమకంటే పదేళ్లు పెద్దవాళ్ల మీద ఆడాలి. అలాంటి జట్టులో సెంటర్ బ్యాక్‌గా ఆడే కుర్రాడికి ఒక్క మ్యాచ్‌లో పడే పరీక్షలు, గెలిచే జట్టులో ఆడేవాడికి నెలంతా పడవు. స్కోరు పక్కనపెట్టి వాడొక్కడినే చూసినవాళ్లకు అసలు విషయాలు తెలిశాయి. ఎనభయ్యో నిమిషంలో 0-3తో వెనకబడి ఉన్నప్పుడు కూడా లైను పట్టుకుని నిలబడ్డదెవరు, తల దించేసిందెవరు అన్నది పాయింట్ల పట్టికలో ఉండదు. ఆటగాణ్ని అంచనా వేసేటప్పుడు చుట్టూ ఉన్న జట్టును కూడా లెక్కలోకి తీసుకోవాలన్నది ఆ సీజన్ చూసినవాళ్లకు ఎవరూ విడిగా చెప్పనక్కర్లేదు.

2025లో ఆ క్లబ్ ఢిల్లీకి తరలిపోయి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది. పసుపు జెర్సీలు బీరువాల్లో మిగిలిపోయాయి. మనకు దగ్గర్లో ఇప్పుడున్నది శ్రీనిధి డెక్కన్. ఐ-లీగ్‌లో 2022-23, 2023-24 సీజన్లలో రన్నరప్. మైదానం హైదరాబాద్ శివారు అజీజ్‌నగర్‌లో.

అభిమానికి పని దొరికిన చోట్లు

ట్రాన్స్‌ఫర్‌మార్క్ట్ అనే జర్మన్ సైట్ పేరు విన్నారా? ఏ ఆటగాడి ధర ఎంతో చాలా పత్రికలు దీన్ని చూసే రాస్తాయి. అక్కడి విలువల వెనక పెద్ద సూత్రమేమీ లేదు. అభిమానులు వాదించుకుని, కారణాలు చూపించి, చివరికి బాధ్యులైనవాళ్లు ఖరారు చేసేవే ఎక్కువ. మీలో కొందరు రాత్రిళ్లు ఆడే ఫుట్‌బాల్ మేనేజర్ గేమ్ కూడా అంతే. ఆటగాడి ప్రస్తుత సామర్థ్యానికీ భవిష్యత్ సామర్థ్యానికీ విడివిడిగా 200కు మార్కులు వేసేది ఆయా క్లబ్బుల మ్యాచ్‌లు క్రమం తప్పకుండా చూసే స్థానిక అభిమానులే. 2008లో ఇంగ్లండ్ క్లబ్ ఎవర్టన్ ఆటగాళ్ల వెతుకులాటకు ఆ డేటాబేస్‌ను వాడుకునేందుకు ఒప్పందం చేసుకుంది. గేమ్ కోసం వేసిన మార్కులు, క్లబ్ ఆఫీసులో చదివారు!

మనకు ఇంకా దగ్గరి ఉదాహరణ అశ్విన్ రామన్. బెంగళూరు కుర్రాడు. స్కూల్లో ఉండగానే మ్యాచ్‌లు చూసి, గణాంకాలతో ఆటగాళ్లను విశ్లేషించి రాసి ఇంటర్నెట్‌లో పెట్టేవాడు. స్కాట్లాండ్‌లోని డండీ యునైటెడ్ క్లబ్ విశ్లేషణ విభాగం పెద్ద ట్విట్టర్‌లో అవి చదివి సంప్రదించాడు. పదిహేడేళ్లకే అశ్విన్ ఇంట్లో కూర్చుని ఆ క్లబ్‌కు పార్ట్‌టైమ్ అనలిస్టుగా, స్కౌట్‌గా పనిచేశాడు. అతను ప్రొఫెషనల్ ఆటగాడు కాదు. సిఫారసు లేదు. ఉన్నదల్లా అప్పటికే రాసి పెట్టుకున్న పేజీలు. ఎవరైనా తెరిచి చూసుకోవచ్చు, తప్పొప్పులు తేల్చుకోవచ్చు.

మరి మీరెక్కడ మొదలుపెట్టాలి?

నోట్‌బుక్‌తో. నిజంగానే. ఒక మ్యాచ్, ఒకే ఒక్క ఆటగాడు. తొంభై నిమిషాలు వాడినే చూడాలి. బంతి ఇంకోచోట ఉన్నప్పుడు కూడా. మొదటిసారి పిచ్చెక్కుతుంది, పక్కన గోల్ పడినా మీరు తల తిప్పకూడదు మరి.

తర్వాత రాయండి. ‘మంచి స్పీడ్, మంచి స్కిల్, ఫ్యూచర్ ఉంది’ అని రాస్తే అది ఎవరికీ పనికిరాదు. పని చేసే రిపోర్ట్ ఇలా ఉంటుంది: ‘ఎడమ వైపు మిడ్‌ఫీల్డ్, 62 నిమిషాలు ఆడాడు. కుడికాలే వాడుతున్నాడు, ఎడమకాలి మీదికి బంతి వస్తే ప్రతిసారీ వెనక్కి పాస్. ఒత్తిడి లేనప్పుడు తల ఎత్తి చూస్తాడు, ఒత్తిడి వస్తే బంతినే చూస్తాడు. తప్పు చేశాక రెండుసార్లూ వెంటనే వెనక్కి పరుగెత్తి బంతి లాక్కున్నాడు. మళ్లీ చూడాలి. ఈసారి వర్షం పడ్డ గ్రౌండ్‌లో.’ చివరి వాక్యం ముఖ్యం. మీకు ఏం తెలియలేదో కూడా అందులో ఉంది.

పైన తేదీ వేయండి. కింద ఒక అంచనా రాయండి. ఆరు నెలలకు, ఏడాదికి తిరిగి తెరవండి. మీరు ఎక్కడ తప్పారో చూసుకుంటే మీ గురించి మీకు తెలుస్తుంది. కొందరికి వేగం కనబడితే చాలు, మిగతావేవీ కనిపించవు. కొందరికి తమ ఊరి కుర్రాడైతే చాలు.

చూడటానికి మ్యాచ్‌లెక్కడ అంటారా? క్లబ్బుల కుర్రాళ్ల కోసం 2022లో మొదలైన రిలయన్స్ ఫౌండేషన్ డెవలప్‌మెంట్ లీగ్ మ్యాచ్‌లు యూట్యూబ్‌లో ఉచితంగా దొరుకుతాయి. పెద్ద కెమెరా హంగులుండవు, ఒక ఎత్తు నుంచి గ్రౌండ్ మొత్తం కనిపిస్తుంది. మనకు కావలసింది కూడా అదే. గణాంకాల వైపు మొగ్గుంటే స్టాట్స్‌బాంబ్ సంస్థ కొన్ని టోర్నీల పూర్తి డేటాను ఉచితంగా ఇస్తోంది. ప్రతి పాస్, ప్రతి షాట్ మైదానంలో ఎక్కడి నుంచి జరిగిందో అందులో ఉంటుంది. కోర్సులో నేర్చుకున్న పైథాన్‌ను ఇక్కడ వాడండి. వందమంది చేసిన అదే ‘హౌస్ ప్రైస్ ప్రిడిక్షన్’ ప్రాజెక్టు కంటే ఇది మీ రెజ్యూమెలో ఎక్కువ మాట్లాడుతుంది. ఆటను లోపలి నుంచి అర్థం చేసుకోవాలంటే పద్దెనిమిదేళ్లు నిండినవాళ్లకు ఏఐఎఫ్ఎఫ్ డి-లైసెన్స్ కోచింగ్ కోర్సు ఉంది.

ఇప్పుడు అసలు మాట. దేశంలో ఫుట్‌బాల్ క్లబ్బులే తక్కువ, ఒక్కో క్లబ్‌లో వీడియో అనలిస్టులు ఒకరో ఇద్దరో ఉంటారు. 2025లో వాణిజ్య హక్కుల ఒప్పందం చిక్కుల్లో పడి ఐఎస్ఎల్ సీజనే సమయానికి మొదలు కాలేదు. దీన్ని మాత్రమే నమ్ముకుని ప్లేస్‌మెంట్ డ్రైవ్ వదిలేస్తానంటే ఇంట్లోవాళ్ల కంటే ముందు నేనే వద్దంటాను. కానీ మ్యాచ్ చూసి సంఘటనలను నమోదు చేసే పని, వీడియో కోసి కోచ్‌కు అర్థమయ్యేలా ఇచ్చే పని క్రికెట్‌కూ కబడ్డీకీ కూడా కావాలి. చెన్నైలో స్టాట్స్ పెర్ఫార్మ్‌కు పెద్ద ఆఫీసు ఉంది. స్పోర్ట్స్ మెకానిక్స్ కూడా అక్కడిదే. ఇలాంటిచోట ‘ఫుట్‌బాల్ అంటే ప్రాణం సార్’ అనే అభ్యర్థులు కుప్పలుగా వస్తారు. ముప్పై రిపోర్టులున్న ఫైలు బల్ల మీద పెట్టేవాడు అరుదు.

రెండు జాగ్రత్తలు. మీరు చూసే ఆటగాళ్లలో చాలామంది మైనర్లు. నోట్‌బుక్‌లో ఏమైనా రాసుకోండి, పద్నాలుగేళ్ల పిల్లాడి పేరు, ఫొటో పెట్టి ‘వేస్ట్’ అని సోషల్ మీడియాలో పెట్టకండి. రేపు వాడి క్లాస్‌మేట్లు అది చదువుతారు. ఇక ‘ట్రయల్స్‌కు తీసుకెళ్తా, ఇంత కట్టండి’ అంటూ పిల్లల తల్లిదండ్రుల దగ్గర డబ్బులు గుంజే ఏజెంట్లు తిరుగుతుంటారు. ఆట తెలిసినవాడిగా మీకు పేరొస్తే మిమ్మల్ని కూడా మధ్యవర్తిగా వాడుకోవాలని చూస్తారు. ఎవరైనా ఫోన్ చేస్తే మొదట క్లబ్‌కే ఫోన్ చేసి అడగండి.

ఈ అలవాటు మీ సొంత ఇంటర్వ్యూలకు కూడా పనికొస్తుంది, ఎలాగంటే.. అక్కడ బల్లకు అవతల కూర్చున్నవాళ్లు చేసేదీ ఇదే పని. పదిహేను నిమిషాల్లో ఒక కుర్రాడిని చూసి, వీడు రెండేళ్లలో ఏమవుతాడో చెప్పాలి. వాళ్లు కూడా ఒడ్డూ పొడుగూ చూసి మోసపోతారు. గలగలా మాట్లాడే ఇంగ్లిషే వాళ్లకు జనవరి పిల్లాడి ఎత్తు లాంటిది. ‘నేను కష్టపడతాను’ అనే వాక్యం ‘మంచి స్పీడ్, మంచి స్కిల్’ రిపోర్ట్ లాంటిదే. ఒక తప్పు చేసి, వెనక్కి పరుగెత్తి సరిదిద్దుకున్న సందర్భం చెప్పండి. చూసేవాడికి రాసుకోవడానికి ఏదో ఒకటి దొరకాలి కదా.

ఈ ఆదివారం పొద్దున సుబేదారిలో ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్‌కో, కాజీపేట రైల్వే గ్రౌండ్‌కో ఓసారి వెళ్లి చూడండి. పిల్లలు ఫుట్‌బాల్ ఆడుతుంటే గట్టు మీద కూర్చోండి. అందరికంటే పొట్టిగా ఉన్నవాడిని ఎంచుకోండి. ఫోన్ జేబులోనే ఉండనివ్వండి. పేరు అడగక్కర్లేదు, చొక్కా రంగు రాసుకుంటే చాలు. పక్కన తేదీ వేయడం మర్చిపోకండి.